డాక్టరుగారి జ్ఞానదంతం

నా పేరు ఇన్సాఫ్. ఈజిప్టులోని సొహాగ్‌లో పంతొమ్మిదేళ్లుగా దంతాల ఎక్స్‌రేలు తీస్తున్నాను. కింది అంతస్తులో డాక్టర్ షౌకత్ క్లినిక్. ఆయనంత ప్రగల్భాల మనిషిని నేను చూడలేదు. "ఫొటోలు పెళ్లికి తీయించుకోండి. పన్ను పీకడానికెందుకు?" అంటాడు.

ఊగిపోయే పన్నుకు అక్కర్లేదు, నిజమే. మామూలు పన్నుకు చిన్న ఎక్స్‌రే చాలు. కానీ కింది జ్ఞానదంతం వేరు నరాన్ని ఆనుకున్నట్టు కనిపిస్తే, అన్ని వైపుల నుంచీ చూపే స్కాన్ తీయాల్సిందే. ఈ మాత్రం నాకు తెలుసు. గోడనిండా పట్టాలు వేలాడదీసుకున్న ఆ పెద్దమనిషికి తెలియదు.

పెళ్లిళ్లలో సన్నాయి ఊది గుర్రాలను ఆడించే హిలాలీ ఎక్స్‌రేలో కింది జ్ఞానదంతం వేరు సరిగ్గా నరం మీదే ఉంది. "స్కాన్ తీయించుకో బాబాయ్. ఆ నరం తెగితే పెదవి మొద్దుబారుతుంది, ఇక ఊదలేవు," అన్నాను.

కిందికెళ్లి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "మిషను తిప్పే ఆడది నాకు చెప్పేదేంటని నలుగురిలో నవ్వాడమ్మా. గురువారం పీకేస్తాడంట. అంత పెద్దాయన్ని కాదంటే బాగుంటదా?"

మర్యాదట! ఒళ్లు మండిపోయింది.

గురువారం పొద్దున్నే షౌకత్ నా దగ్గరికి దొంగలా వచ్చాడు. దవడ బూరెలా వాచింది.

"ఇన్సాఫ్, నా కింది జ్ఞానదంతానికి స్కాన్ తియ్యి. అన్ని వైపులా. నరం తెగి పెదవి మొద్దుబారితే నా గతేంటి?"

పిరికివాడు! నవ్వు ఆపుకుని ఆయన్ని స్కాన్ యంత్రంలో నిలబెట్టాను. గడ్డం ఆనించి, నోట్లో కడ్డీ పెట్టి, తల బిగించాను. "కదిలారో, మళ్లీ తీయాలి," అన్నాను. మెట్ల దగ్గరికెళ్లి, పన్ను పీకించుకోవడానికి కింద కూర్చున్న హిలాలీని కేకేశాను.

హిలాలీ గాజు అద్దం ఇవతల నా పక్కన నిలబడి, అవతల బిగుసుకుపోయిన డాక్టరును చూశాడు.

"ఈయనకేమైంది?"

"నీకొచ్చిందే బాబాయ్. అదే పన్ను. స్కాన్ తియ్యమని తనే వచ్చాడు."

"ఇవాళ పీకించుకోను. ముందు నాకూ ఇది తియ్యమ్మా," అని, అవతలి గదిలోకి వినిపించే నా మైకు మీదికి వంగాడు.

"డాక్టరుగారూ, నేనూదితే గుర్రాలు ఆడతాయి. మీ పెదవికి ఏం ఆడుద్ది?"

నేను మీట నొక్కాను. యంత్రం ఆయన తల చుట్టూ తిరగడం మొదలెట్టింది. కదిలితే బొమ్మ చెడుతుందని, మహానుభావుడు కిక్కురుమనలేదు.