లోపలి మరలకు తగిలే దెబ్బ

నేను ఒక ఉక్కు బద్దను. చూపుడువేలంత పొడవుంటాను. నన్ను చదునుగా సానబట్టి, నాలాంటివాళ్లతో కలిపి డబ్బాలో సర్దారు. దెబ్బలు తినడమే మా పని. ఒక దిమ్మకు బిగించి, ఒక పక్కనే ఉక్కు గుళ్లు కురిపిస్తారు. విప్పగానే విల్లులా వంగుతాం. ఎంత వంగితే దెబ్బ అంత గట్టిగా పడినట్టు. తలవంచని వాళ్లను మెచ్చుకునే మనుషులు, మా విషయంలో మాత్రం వంగినవాళ్లకే మార్కులు వేస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లో మీరావలి షెడ్డుకు చేరాను. బోర్లు వేసే లారీల రాడ్లను ఆయన ఇలా గుళ్లతో కొట్టిస్తాడు. దాంతో ఉక్కు పైపొర బిగుసుకుని, పగులు తొందరగా మొదలవదు. రాడ్డు మూతి లోపల మరలుంటాయి. ఇంకో రాడ్డు వాటిలోకే బిగుస్తుంది. విరిగితే అక్కడే విరుగుతుంది.

నాంచారమ్మకు ఒక బోరు లారీ ఉంది. రాడ్డు విరిగి మీద పడి ఆమె భర్త పోయాడు. ఇప్పుడు ఆ చోట ఆమె తమ్ముడు కోటిలింగం నిలబడుతున్నాడు. కొత్త రాడ్లు కొని, కొట్టించడానికి తెచ్చింది.

“బాబాయ్, ఈ బద్దని ఎక్కడ పెట్టి చూస్తావు?”

“రాడ్డు మూతి పక్కనేనమ్మా. బానే వంగుద్ది.”

“విరిగేది లోపల గదా. జొరం మా పిల్లోడికొస్తే, థర్మామీటరు పక్కింటోడి నోట్లో పెట్టినట్టుంది నీ యవ్వారం.”

మీరావలి నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. పాత సామాన్లలోంచి విరిగిన రాడ్డు మూతి ఒకటి తీసి, నిలువునా కోసి, మరల మధ్య గాడి చేసి నన్ను అందులో బిగించాడు. రెండు చెక్కలనూ కలిపి కట్టి, ఎప్పటిలాగే మూతి బయటినుంచి లోపలికి గుళ్లు కొట్టాడు.

నేను వంగీ వంగనట్టు వంగాను. గుళ్లు ఏటవాలుగా వచ్చి, ఒకదాన్నొకటి గుద్దుకుని, మరల అడుగుకు చేరేసరికి నీరసించిపోయాయి.

“తమలపాకైనా ఇంతకన్నా వంగుద్ది,” అన్నాడు మీరావలి. “సరిచేసేదాకా ఆగాలమ్మా. ఈలోపు నీ బేరాలు పోతయ్యి.”

“పోనీ. ఆడు నిలబడేది ఆ రాడ్డు కిందే.”

ఆయన సన్నని గొట్టం చేయించాడు. అది రాడ్డు లోపలికంటా పోతుంది, దాని కొస మరలవైపు తిరిగి ఉంటుంది. మరల సందుల్లో పట్టే చిన్న గుళ్లు తెచ్చాడు. గాలి ఒత్తిడి పెంచి, రాడ్డును మెల్లగా తిప్పుతూ కొట్టాడు. చాలా బద్దలు పోయాక, నా చోట కూర్చున్న ఒకటి కావలసినంత వంగింది. నాకు అసూయ కలగలేదు. నేనూ అలా వంగి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

మమ్మల్ని రెండోసారి వాడరు. కిటికీ గట్టు మీద ఉండిపోయాను.

అలా లోపల కొట్టించుకుని వెళ్లిన నాంచారమ్మ రాడ్లు చాలా కాలానికి తిరిగి వచ్చాయి. దించింది కోటిలింగమే. వెనకే నాంచారమ్మ వచ్చింది. మీరావలి మూతిలోకి టార్చి వేసి, వేలితో తడిమాడు.

“త్రెడ్లు నిక్షేపంలా ఉన్నయ్యి. పైన గోడే అరిగి పల్చబడింది. ఇంక పనికిరావమ్మా.”

“అరిగినయ్యా? విరగలా?”

“ఒక్కటీ విరగలా.”

నాంచారమ్మ రాడ్డు మీద చెయ్యేసి, పొడవునా మెల్లగా నిమిరింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “టీ చెప్పిరా, అందరికీ,” అంది.

ఒక వస్తువు పనికిరాకుండా పోయిందని మనిషి అంత నెమ్మదిగా సంతోషించడం నేను మళ్లీ చూడలేదు.