దాచిన జబ్బు

అప్పలకొండకు మూడో కాన్పు. మొదటి ఇద్దరు మగపిల్లలూ నెలలు నిండాక కడుపులోనే పోయారు. ఇద్దరూ బొద్దుగా, పెద్దగా ఉన్నారు గాని ఊపిరి లేదు. అప్పటినుంచి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఆ రైల్వే క్వార్టర్ల వరసలో ఎవరింట సీమంతమైనా ఆమెను పిలవడం మానేశారు. అత్త జోగమ్మయితే "పిల్లల్ని మింగిన కడుపు" అని మొహం మీదే అనేది.

ఏడో నెలలో కాళ్ళు పొంగాయి. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరలేదు. 1964 వానాకాలంలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆమె రైల్వే ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. నర్సు ఎలీసమ్మ ఆమె మూత్రాన్ని నీలం మందులో కలిపి దీపం మీద కాచింది. అది ఇటుక రంగుకు తిరిగింది.

"ఇంజక్షన్లు తీసుకోడం నేదేటమ్మా?"

"ఏ ఇంజక్షన్లు?"

ఎలీసమ్మ ఆమెను తేరిపార చూసింది. "నీకు సుగరు జబ్బుంది. రెండోవోడు పోయినప్పుడే డాక్టరుగారు మీ ఆయనకి సెప్పినారు. ఆ ఇద్దరూ అందుకే పోయినారనీ, మళ్ళీ నీళ్ళోసుకుంటే మొదటి నెల్నించే తీసుకురమ్మనీ."

అప్పలకొండకు ఏడుపు రాలేదు. జీతం వచ్చిన ప్రతిసారీ మొగుడు గోవిందరావు పూరీ గేట్ దగ్గరి మిఠాయి కొట్టు నుంచి రసగుల్లాలు తెచ్చేవాడు. ఒట్టిమనిషివి కావు, తినమని నోట్లో పెట్టేవాడు. తెలిసే పెట్టాడన్నమాట.

ఆ రోజే ఆమెను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కబురు తెలిసి సాయంత్రం గోవిందరావు వర్క్‌షాపు నుంచి ఇంటికెళ్ళి అన్నం క్యారేజీ పట్టుకొచ్చాడు.

"నాకు సుగరని నీకు తెలుసా?"

అతను తల దించుకున్నాడు. "డాక్టరు బెంగాలీలో సెప్పినాడు. నాకు సరిగ్గా అరదం కానేదు."

"పక్కన నిలబడి తెలుగులో సెప్పింది నానే బాబూ," అంది ఎలీసమ్మ.

గోవిందరావు గొంతు తగ్గించాడు. "అమ్మ సెప్పొద్దన్నాది. ఇంట్లో జబ్బుందని తెలిస్తే సెల్లికి సమ్మందాలు రావంది. నువ్వూ బెంగెట్టుకుంటావని..."

"బెంగా? మీ అమ్మ నన్ను పిల్లల్ని మింగినదాన్నంటంటే, పక్కన కూకుని అన్నం తిన్నావు. అప్పుడు నాకు బెంగుండదా? ఆ సేత్తోనే నాకు రసగుల్లా ఎట్టినావు. ఫో ఇక్కణ్ణించి!"

క్యారేజీని ఒక్క తోపు తోసింది. అన్నం వార్డంతా చెల్లాచెదురైంది. చీపురందుకున్న ఆయాను ఆపి, "అతన్నే ఎత్తనీ," అంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని మెతుకులు ఏరాడు.

ఇంజక్షన్లు మొదలయ్యాయి. కాని ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. ఊపిరందక మూలుగుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎలీసమ్మ పిల్లను దూదిలో చుట్టి, పక్కన వేణ్ణీళ్ళ సీసాలు పెట్టి, గ్లూకోజు నీళ్ళు చుక్కచుక్కగా పోసింది.

జోగమ్మ వరండాలోనే ఆగిపోయింది. "ఏడో నెల పిల్లైనా బతుకుద్ది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదు. సూడ్డం దేనికి?" అని వెళ్ళిపోయింది. ఆ మాట మంచం మీది అప్పలకొండకు వినబడింది. నాలుగో రోజు పిల్ల గట్టిగా ఏడ్చి రొమ్ము పట్టింది.

ఇంటికి పంపించేనాడు గోవిందరావు రిక్షా తెచ్చాడు. ఆమె ఎక్కలేదు.

"మా నూకయ్యన్న ఇంటికెళ్తాను. ఆ పిల్లలెందుకు సచ్చిపోనారో మన లైన్లో కుళాయికాడ అందరి ముందరా సెప్పు. అప్పుడొస్తాను."

"పరువు పోద్దే."

"నాది పోయినప్పుడు నీకు కనబడనేదా?"

ఒప్పుకోడానికి మూడు వారాలు పట్టింది అతనికి. ఒక ఆదివారం పొద్దున నూకయ్యే తన చెల్లెల్ని న్యూ సెటిల్‌మెంట్ నుంచి తీసుకొచ్చాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. గోవిందరావు ఏదో గొణిగాడు.

"గట్టిగా," అంది అప్పలకొండ.

"మా ఇద్దరు పిల్లలూ దీనికున్న సుగరు జబ్బువల్ల పోయినారు. డాక్టరు సెప్పినాడు. నాను దాసినాను. దీని తప్పేటీ నేదు."

జోగమ్మ బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది. అప్పలకొండ పిల్లను భుజాన వేసుకుని, వాళ్ళ మధ్యనుంచే నడిచి ఇంట్లోకి వెళ్ళింది.

ఆ మర్నాటినుంచి రోజూ గోవిందరావు సిరంజి నీళ్ళలో మరిగించి ఇచ్చేవాడు. ఆమె తన తొడకు తనే పొడుచుకునేది. పిల్ల పాకే రోజుల్లో ఒకసారి అడిగాడు, "ఇంకా కోపం పోనేదా?"

"పోదు," అంది అప్పలకొండ.