ఎత్తిన చెయ్యి దిగేదాకా

స్టేజీ మీద టేపు పరిచి ఇద్దరు మనుషులు కొలతలు తీస్తున్నారు.

"ఇక్కడ బాత్రూమ్" అన్నాడు ఒకడు.

"దాని పక్కనే వంటిల్లు" అన్నాడు రెండోవాడు.

పరంజా మీద వెల్లకిలా పడుకుని, సీలింగు మీది సున్నపు పూలతీగ నుంచి పాత రంగును చిన్న చాకుతో గీకుతున్న మెన్నా ప్రాసర్ చెయ్యి ఆగిపోయింది. ఆ స్టేజీ మీదే ఆమె తాత నిలబడి సమ్మెకు ఓటు అడిగాడు. ఇప్పుడక్కడ ఎవడో కమోడ్ పెడతానంటున్నాడు.

ఆమె కిందికి దిగేసరికి తలుపు దగ్గర మరో ఇద్దరు కనిపించారు. ఒకడు కౌన్సిల్ ఆస్తుల అధికారి స్టెడ్‌మన్. రెండోవాడు కాంట్రాక్టర్ హార్‌గ్రీవ్. లోయలో మూతపడ్డ ప్రతి చర్చినీ, ప్రతి బడినీ కొని, ముక్కలుగా కోసి, చెమ్మ పట్టిన అద్దె గదులుగా మార్చేది వాడే.

స్టెడ్‌మన్ మెత్తగానే చెప్పాడు. హాలును ధర్మకర్తలకు అప్పగించినప్పుడు ఒక షరతు రాసుకున్నారు. గడువులోగా ప్రజల వాడకానికి తెరవాలి. తెరవకపోతే కౌన్సిల్ వెనక్కి తీసుకుంటుంది. ఆ గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు తీరిపోతుంది.

"ఎవరో లాక్కుంటున్నట్టు చూడకండి మేడమ్. తాళం వేసుకున్నది మీరే" అన్నాడు.

ఆ మాట మెన్నాకు ములుకులా దిగింది. నిజం కాబట్టి దిగింది.

కుమ్ డెర్వెన్ ఊరి బొగ్గుగని కార్మికుల హాలు అది. వారం వారం జీతంలోంచి పైసా పైసా కోయించుకుని కార్మికులే కట్టుకున్నారు. గని మూతపడ్డాక హాలూ మూతపడి కౌన్సిల్ చేతికి పోయింది. పావురాలు కాపురం పెట్టాయి. అప్పుడు ఊళ్ళో ఏడుగురు ముందుకొచ్చి ధర్మకర్తలయ్యారు. జీతం లేదు, భత్యం లేదు. బడి బస్సు నడిపి రిటైరైన మెన్నా వాళ్ళకు పెద్ద. రెట్టలు ఎత్తారు, కప్పు పెంకులు మార్చారు, పాతకాలం పద్ధతిలోనే సున్నం కలిపి గచ్చు పూశారు. పని మీద ప్రేమ పెరిగేకొద్దీ తలుపు బిగుసుకుంది. గచ్చు ఆరలేదు, రావద్దు. చెక్కకు మెరుగు పెట్టాం, తొక్కొద్దు. పూర్తయ్యాక తెరుస్తాం. ఆ పూర్తవడమనేది ఎప్పటికప్పుడు ఒక చలికాలం వెనక్కి జరుగుతూ పోయింది.

ఆ సాయంత్రం మెన్నా చిప్స్ కొట్టు ముందు వరుసలో నిలబడ్డవాళ్ళకు సంగతి చెప్పింది. శుక్రవారం రండి, హాలును కాపాడుకుందాం అంది. ఎవరూ తల తిప్పలేదు. హార్‌గ్రీవ్ గదిలోనే అద్దెకుంటున్న షానీ మాత్రం, చంకలో పిల్లతో, వెనక్కి తిరిగింది.

"ఏ హాలు ఆంటీ? మీ హాలా?"

"మనదే అమ్మాయ్."

"అబ్బో, ఇవాళ మనదైందా? పోయినేడు గడ్డకట్టే చలిలో పిల్లల్ని ఒక గంట కూచోబెడతామని మీ గుమ్మం దాకా వచ్చా. బూట్ల బురదకు నేల పాడవుతుందన్నావ్. నీ నేల బాగుందిగా? దాన్నే పిలుచుకో, వస్తుంది."

వరుసంతా నవ్వింది. ఆ నవ్వులో కసి ఉంది. మెన్నా చిప్స్ కొనకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ధర్మకర్తల సమావేశం రణరంగమైంది. ఇళ్ళ ప్లాన్లు గీసి రిటైరైన పెన్రీ, కోర్టుకెళదామన్నాడు. తలుపు మాత్రం తెరవకూడదట. జనం ఊపిరి చెమ్మకు ఆరని సీలింగు ఊడిపోతుందట. రెండేళ్ళ చాకిరీ మట్టిపాలవుతుందట.

మూల కూర్చున్న ఎల్విన్ దగ్గి గొంతు సవరించుకున్నాడు. ఎనభై దాటిన ముసలాయన. ఊపిరితిత్తుల నిండా బొగ్గు నుసి.

"పెన్రీ, ఇక్కడ మొదటి సభ ఎప్పుడు జరిగిందో తెలుసా? కప్పు వెయ్యకముందు. నాలుగు గోడలు, పైన వాన. మా తాత తడుస్తూ కూచున్నాడు. ఆడవాళ్ళు అక్కడే పొయ్యి పెట్టి సమ్మె చేసేవాళ్ళకి గంజి కాచారు. సీలింగు తర్వాతొచ్చింది నాయనా. జనం ముందొచ్చారు."

ఎల్విన్ మళ్ళీ ఒకసారి దగ్గాడు.

"ఇంకోటి మర్చిపోయారు. ఈ హాల్లో ఒక్క చెయ్యి లేచి ఉన్నా సభ ముగించకూడదు. గనిలో ఒక్క మనిషి మిగిలినా పైకి లాగే తొట్టి ఆపం కదా. అదే లెక్క."

మెన్నా లేచింది. తలుపుకున్న తాళంకప్ప ఊడదీసింది. దాన్నీ, తాళంచెవుల గుత్తినీ తీసుకుని నేరుగా షానీ గదికి వెళ్ళింది. గోడల మీద నల్లటి బూజు. మంచం పక్కన బకెట్టులో పైనుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. ఇలాంటి గదులే స్టేజీ మీద కూడా లేస్తాయన్నమాట. మెన్నా గుత్తిని బల్ల మీద పెట్టింది.

"ఇవి నీ దగ్గరుంచు. నేను తప్పు చేశా. బూట్లతోనే రండి. కూచోడానికి కుర్చీల్లేవు, బాగు చెయ్యడానికి అన్నీ విప్పేశాం."

షానీ గుత్తిని చేతిలోకి తీసుకుంది. "కుర్చీ నాకుంది" అంది.

శుక్రవారం పొద్దున వాన. పదింటికి హాల్లో ధర్మకర్తలు తప్ప ఎవరూ లేరు. కాసేపటికి తలుపు తోసుకుని షానీ వచ్చింది. ఒక చేత్తో పిల్ల, రెండో చేత్తో వంటింటి కుర్చీ. ఆమె వెనక చిప్స్ కొట్టు వరుసంతా వచ్చింది. మడత కుర్చీలు, తోట బల్లలు, పాలబుట్టలు. ఒకతను సోఫానే మోసుకొచ్చాడు. మెరుగు పెట్టిన నేల మీద బురద అడుగులు బారులు తీరాయి. మెన్నా చూసి కళ్ళు తిప్పేసుకుంది. కొయ్యసుత్తితో బల్ల మీద కొట్టి సభ మొదలెట్టింది.

"ఎవరికేం చెప్పాలనుంది?"

ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత పది. అద్దె గదుల్లో చెమ్మ. ఆగిపోయిన ఆస్పత్రి బస్సు. మూసేసిన గ్రంథాలయం. ఒక్కొక్కరూ లేచి చెబుతుంటే, ఇన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు విడివిడిగా తిట్టుకుంటున్నది అదే కౌన్సిల్‌ని, అదే హార్‌గ్రీవ్‌నని అందరికీ తెలిసొచ్చింది.

పదకొండు దాటాక స్టెడ్‌మన్, హార్‌గ్రీవ్ పోలీసులతో, కొలతలు తీసిన ఆ ఇద్దరితో దిగారు. స్టెడ్‌మన్ గడియారం చూసుకున్నాడు. పన్నెండింటికి లోపల సభ నడుస్తుంటే హాలు తెరిచినట్టే లెక్క; ఖాళీగా ఉంటేనే షరతు అతని పక్షాన పనిచేస్తుంది.

"సభ ముగించండి మేడమ్."

"చేతులు లేచున్నాయి. ఇక్కడి పద్ధతి ప్రకారం ముగించడానికి లేదు."

"ఇది సభా? సంతలా ఉంది" అన్నాడు హార్‌గ్రీవ్.

"నీ గదులకన్నా పొడిగా ఉందిలే" అన్నది షానీ. హాలంతా నవ్వింది. ఈసారి నవ్వు మెన్నా పక్కన నిలబడింది.

హార్‌గ్రీవ్ మొహం కందిపోయింది. సైగ చేశాడు. వాడి మనుషులిద్దరూ పరంజా పట్టుకుని కుదిపారు. పైన ఇనుప గొట్టం ఒకటి సీలింగును గుద్దింది. సున్నపు పూలతీగ పెళ్ళలు పెళ్ళలుగా ఊడి ఖాళీ నేల మీద పడి ముక్కలైంది. రెండు చలికాలాలు మెన్నా చాకు మొనతో బతికించిన తీగ.

పెన్రీ తల పట్టుకున్నాడు. మెన్నా ఆ తెల్లటి ముక్కల వంక చూసింది. తర్వాత జనం వంక చూసింది.

"తర్వాత ఎవరు?" అంది.

ఎల్విన్ చెయ్యి లేచింది. పక్కనే పెన్రీ చెయ్యి కూడా.

విధులకు ఆటంకం అంటూ ఇన్‌స్పెక్టర్ మెన్నా రెక్క పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. కొయ్యసుత్తిని షానీ చేతిలో పెట్టింది. చంకలో పిల్ల దాన్ని లాక్కోబోయింది. షానీ పిల్లను సోఫా మీద కూర్చోబెట్టి, బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది. మెన్నా కొట్టినదానికంటే గట్టిగా.

"సభ నడుస్తోంది. తాతా, నువ్వు చెప్పు."

బయట మెన్నాను వ్యానులోకి ఎక్కించారు. వ్యాను కదిలి మలుపు దగ్గర ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ముందున్నవాళ్ళు పక్కకు తప్పుకోలేదు. తప్పుకోవడానికి చోటు లేదు. కొండ వీధి పైనుంచి కిందిదాకా, నెత్తిన కుర్చీలు బోర్లించుకుని, వానలో మనుషులు హాలు వైపు నడుస్తున్నారు.

చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలెట్టింది. పోలీసు బేడీలు వేసిన చేతులను మెన్నా అద్దం దగ్గరికి ఎత్తింది. రెండూ ఎత్తింది.

వీధిలో ఎవరో చూశారు. కుర్చీ కింద పెట్టి, చెయ్యి ఎత్తారు.