చేతిమడతలో చిలగడదుంప

గ్లెనిస్ టల్లీ మా ఊళ్లో చాలా ఏళ్లు బడి బస్సు నడిపింది. ఆమె వెనక సీట్లలో కూర్చుని పెరిగిన పిల్లలే పెద్దవాళ్లై కొట్లో ఎదురుపడితే తల ఊపి తప్పుకునేవారు. ఆమె పేరు చాలామందికి తెలియదు. బస్సు మానేశాక మా బృందంలో చేరింది. కార్ల కింద పడి చచ్చిన కంగారూల సంచుల్లోంచి బతికున్న పిల్లల్ని తీసి, ఇళ్లలో పెంచి, మళ్లీ అడవికి వదలడం మా పని. జీతం లేదు. పాలపొడి ఖర్చు కూడా సగం మాదే.

టాఫీ అనే కంగారూ పిల్ల ఆమె చేతికి వచ్చినప్పుడు ఒంటి మీద బొచ్చు కూడా లేదు. గుడ్డసంచిలో పెట్టి తలుపు గొళ్లేనికి వేలాడదీసి, వేళకు పాలు పట్టి బతికించింది. అందులో ఎవరూ వంక పెట్టలేరు. మామూలుగా మేం పిల్ల సంచి దిగి గెంతడం మొదలుపెట్టగానే మా బృందంలోనే ఉన్న లొరెయిన్ వాళ్ల పొలంలో కంచె వేసిన దొడ్డికి పంపిస్తాం. అక్కడ తోటి పిల్లలతో కలిసి, మనిషి వాసన మర్చిపోవాలి. కొత్త మనుషులకు చూపించడం అసలే కూడదు.

గ్లెనిస్ మాత్రం టాఫీని బడికి తీసుకెళ్లింది. మొదటిసారి లొరెయినే ఒప్పుకుంది, సంచిలోనే ఉంటాడు కదా అని. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు వీధిలో ఓ పాప "కంగారూ అత్త వస్తోంది" అని వాళ్లమ్మకు చూపించింది. ఆ మాట గ్లెనిస్‌కు ఎంత తియ్యగా తగిలిందో ఆమె ముఖమే చెప్పింది. తర్వాత పక్కూరి బడి, ముసలివాళ్ల ఆశ్రమం, రైతుల సంత. టాఫీ పెద్దవాడై సంచిలో పట్టకపోయినా వెంటే వెళ్లేవాడు. జనం మధ్య బెదరకుండా ఉండటానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. తన ఉన్ని కోటు ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పైకి మడిచి, ఆ చేతిమడతలో ఉడికించిన చిలగడదుంప ముక్కలు దాచేది. టాఫీ ముక్కు దూర్చి వెతుక్కుని తినేవాడు. జనం పడీపడీ నవ్వేవారు.

"వాణ్ణి ఇంకా మంచం మీదే పడుకోబెడుతున్నావా?" అంది లొరెయిన్ ఓసారి. "రేపు బడిలో కూడా చేర్పిస్తావేమో."

"కడుపు సరిగా లేదే వాడికి. వచ్చే వారం తీసుకొస్తాలే."

ఆ వచ్చే వారం రావడానికి చాలా కాలం పట్టింది. చివరికి దొడ్డిలో కొద్ది రోజులే ఉండి, టాఫీ ఏటి ఒడ్డు గడ్డిమైదానంలోకి వెళ్లిపోయాడు. లొరెయిన్ మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాతి ఏడు చలికాలం సెలవుల్లో ఏటి ఒడ్డున గుడారాలు వేసుకున్నవాళ్ల మీద ఒక మగ కంగారూ పడింది. మర్లీన్ హాకెట్ అనే పెద్దావిడ పక్కటెముకలు విరిగాయి, మెడ నుంచి భుజం దాకా గోళ్లు చీరేశాయి. ఊరంతా ఒకటే మాట. సెలవులకొచ్చినవాళ్లు బ్రెడ్డు, చిప్సు పెట్టి అలవాటు చేశారు, ఇప్పుడు ఏడుస్తున్నారు అని. ఆవిడ కాస్త లేచి తిరగ్గలిగాక, సెలవులు ముగియకముందే టౌన్‌హాల్లో సభ పెట్టారు. జంతువుల దగ్గర ఎలా మసలుకోవాలో చెప్పమని గ్లెనిస్‌నే అడిగారు. మాలో బాగా మాట్లాడేది ఆమే.

బాగానే మాట్లాడింది. "మీరు ముద్దుకి ఓ ముక్క పెడతారు. అది మనిషంటే తిండి అనుకుంటుంది. రేపు పెట్టనివాణ్ణి కొడుతుంది. అప్పుడు తుపాకీ వస్తుంది. చంపేది తుపాకీ కాదండీ, మీరు పెట్టిన ఆ ముక్క" అంది. హాలంతా నిశ్శబ్దంగా వింది.

ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న మర్లీన్ కూర్చునే మాట్లాడింది. "నేనేమీ పెట్టలేదమ్మా. నా చేతిలో ఏమీ లేదు కూడా. నెమ్మదిగానే వచ్చింది. వచ్చి నా ఎడమ చేతిమడతలో ముక్కు దూర్చింది, అక్కడ ఏదో ఉన్నట్టు. ముచ్చటేసి కదలకుండా నిలబడ్డాను. ఏమీ దొరక్కపోయేసరికి మీద పడింది."

గ్లెనిస్ కుడిచెయ్యి తన ఎడమ మణికట్టు మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. లొరెయిన్ తల వంచుకుని నేలకేసి చూసింది. సంతలో ఆ ఆట చూసి నవ్వినవాళ్లం హాల్లో చాలామందిమే ఉన్నాం. ఎవరమూ నోరు తెరవలేదు.

"ఒక్కోసారి అవి అలాగే చేస్తాయండీ" అంది గ్లెనిస్. "మీకు తెలియకుండా పక్క గుడారం వాళ్లెవరైనా పెట్టి ఉంటారు."

సభ అయ్యాక చప్పట్లు కొట్టారు. గ్లెనిస్ టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అటవీశాఖ రేంజర్ వారిక్ ఆమె ఇంటికి వచ్చాడు. వరండాలోనే నిలబడి టోపీ తీశాడు.

"ఏటి దగ్గర పెద్ద మగవి నాలుగైదు తిరుగుతున్నాయి గ్లెనిస్. ఏది కొట్టిందో ఆవిడ గుర్తుపట్టలేకపోతోంది. అన్నిటినీ కాల్చెయ్యమని పైనుంచి మాటొచ్చింది. నీకు ముందే చెబితే మంచిదని వచ్చాను."

"అన్నిటినీ ఎందుకు?"

"ఏదో తెలియనప్పుడు ఏం చెయ్యమంటావ్?"

గ్లెనిస్ వరండా మెట్టు మీద కూర్చుంది. "ఒక్కటే వారిక్. అది నేను పెంచిందే. టాఫీ. చేతిమడతలో వెతుక్కోవడం నేర్పింది నేనే."

వారిక్ టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. "నిన్న చెప్పొచ్చు కదా. పాపం ఆవిడ నీ ఎదురుగానే కూర్చుంది."

"అందరూ నన్నే చూస్తున్నారు. నేను చెప్పేది వింటున్నారు" అంది. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది.

టాఫీని మిగతావాటి నుంచి వేరు చేయగలిగేది ఆమె ఒక్కతే. పిలిస్తే వస్తాడా అని వారిక్ అడిగాడు. రాకూడదని ఆమె లోలోపల కోరుకుంది. అయినా దుంప ఉడకబెట్టింది. కోటు తొడుక్కుంది.

గడ్డి మీద ఇంకా మంచు ఉంది. మంద దూరంగా మేస్తోంది. ఆమె ఒక్కసారే పిలిచింది, గట్టిగా కూడా కాదు. మందలో అన్నిటికంటే పొడవైనది తలెత్తి, చెవులు తిప్పి, తిన్నగా గెంతుకుంటూ వచ్చింది. మిగతావి వారిక్‌ని చూసి అడవిలోకి పారిపోయాయి. అలా పారిపోవడమే కంగారూకు తెలియాల్సిన పని. దగ్గరికొచ్చినది మాత్రం ఆమె భుజం ఎత్తుకు నిలబడి చేతిమడతలో ముక్కు దూర్చింది. వెచ్చటి ఊపిరి మణికట్టుకు తగిలింది. ముక్కలన్నీ గడ్డి మీద కుమ్మరించి, వాడు తల దించాక, వారిక్ చెప్పినట్టు వెనక్కి నడిచింది. తిరిగి చూడలేదు. తుపాకీ చప్పుడు విన్నాక కూడా నడుస్తూనే ఉంది.

అటునుంచి అటే దెబ్బ తగిలాక మర్లీన్ ఊళ్లో దిగిన ఇంటికి వెళ్లింది. కోటుకి దుంప మరకలు అలాగే ఉన్నాయి. జరిగిందంతా చెప్పి "నన్ను క్షమించండి" అంది.

మర్లీన్ లోపలికి రమ్మనలేదు. "దెబ్బ తగిలినందుకు కాదమ్మా నాకు బాధ. జంతువు, దానికేం తెలుసు. నిన్న నువ్వు నా మొహంలోకి చూస్తూ అబద్ధమాడావు. మా పక్క గుడారంలో చిన్నపిల్లలున్న జంట ఉంది. రాత్రి వాళ్లని అందరూ వేలెత్తి చూపించారు. పొద్దున్నే సామాను సర్దుకుని వెళ్లిపోయారు."

"నాకు తెలియదు."

"తెలియదు సరే. అందరి ముందూ ఆ మాట అన్నావుగా, ఈ మాట కూడా అందరి ముందే చెప్పు."

ఆ జంట ఏ ఊరివాళ్లో గ్లెనిస్ ఎంత అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్లకు క్షమాపణ చెప్పుకునే దారి లేకపోయింది. హాల్లో మళ్లీ సభ పెట్టించింది. వచ్చినవాళ్లు కొద్దిమందే. నిలబడి చెప్పింది. ఈసారి చప్పట్లు లేవు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆమె కూర్చున్నాక లొరెయిన్ లేచి, "నేను చూసి కూడా గట్టిగా చెప్పలేదు" అంది. నేను లేవలేదు.

తర్వాత గ్లెనిస్ బడికి కూడా వెళ్లింది, ఉత్త చేతులతో. టాఫీ ఎక్కడని పిల్లలు అడిగితే దాచలేదు. "నేను ముద్దు చేసి పాడుచేశాను, అందుకే చంపాల్సి వచ్చింది" అంది. ఒక పాప ఏడ్చింది. టీచరు ముఖం చిట్లించి, ఇంక చాలన్నట్టు గడియారం చూసింది. ఆ బడివాళ్లు మళ్లీ పిలవలేదు.

గ్లెనిస్ ఇప్పటికీ మా బృందంలోనే ఉంది. కంగారూ పిల్లల్ని మాత్రం పెంచనంటుంది. మేమూ బలవంతం చెయ్యం. రోడ్డు మీద ఎవరికైనా పిల్ల దొరికిందని ఫోనొస్తే ముందు బయల్దేరేది ఆమే. పిల్ల ఉన్న సంచిని పక్క సీట్లో పెట్టి, పైన దుప్పటి కప్పి, రేడియో కూడా పెట్టకుండా లొరెయిన్ వాళ్ల పొలం దాకా కారు నడుపుతుంది. దారిలో సంచి కదిలినా చెయ్యి పెట్టదు, మాట్లాడదు. గేటు దగ్గర అప్పగించి, ఇంజను ఆపకుండానే వెనక్కి తిరుగుతుంది.