ఎరుపును ఎరుపుగా చూపే తెర

ఇరవై నాలుగు చీరలూ అట్టపెట్టెలో వెనక్కి వచ్చాయి. తెచ్చింది ప్రసన్నకుమారి టీచరే. జమ్మలమడుగు నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి, ప్రొద్దుటూరులో మాబున్ని ఇంటి వరండాలో పెట్టె దించించింది.

"మాబున్నీ, నీమీద నాకు కోపం లేదు. గానీ నేనిచ్చిన పీసు రంగేంది, నువ్వు వేయించిన రంగేంది? దానిమ్మ గింజ రంగు అడిగితి. ఇవి కట్టుకోని మేమంతా ఒక్కసారి లేచి నిలబడితే, చర్చిలోకి ఫైరింజన్ వచ్చిందనుకుంటారు."

మాబున్ని పెట్టెలోంచి ఒక చీర తీసి చూసింది. తెల్లచీర మీద కొంగూ అంచూ భగ్గుమంటున్నాయి. టీచరు శాంపిలుగా ఇచ్చిన గుడ్డముక్క దాని పక్కన పెట్టింది. అబద్ధమాడటానికి ఏమీ లేదు. రెండూ వేరు.

"తెరమీద సరిగ్గానే ఉండె మేడమ్. పీసు పక్కన పెట్టుకోనే వేసినా."

"నలభై దాటినాయి గదా. ఒకసారి కండ్లు చూపించుకో," అంది ప్రసన్నకుమారి మెత్తగా. ఆ మెత్తదనమే మాబున్నికి ఎక్కువ గుచ్చుకుంది. "మా స్త్రీల సమాజం వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలుంది. పది రోజుల్లో ఒక్క చీర సరిగ్గా వేసి చూపియ్యి. కాలేదంటే చెప్పు, కడపలో ఎవురికైనా ఇచ్చుకుంటా."

మాబున్నికి నలభై మూడేళ్లు. భర్త అల్లాబక్ష్ కువైట్‌లో డ్రైవరు. పెండ్లయిన కొత్తలో ఆమె మగ్గం పని చేసేది, జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టేది. తర్వాత కంప్యూటర్ సెంటరులో చేరి డిజైన్లు వేయడం నేర్చుకుంది. ఇప్పుడు చీరల అంచులూ కొంగులూ లాప్‌టాప్‌లో గీసి, రంగులద్ది, ఆ ఫైలు షోయబ్‌కు పంపుతుంది. షోయబ్‌ది గుడ్డమీద ప్రింటు కొట్టే యూనిట్. ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఏ రంగు అడిగినా మాబున్ని తెస్తుందని పేరు. దారపు రీళ్లు నూరు కలిపి ముందు పోస్తే, ఒకే రంగులో ముదురూ లేతా వేరుచేసి వరసగా పెట్టగల మనిషి. అలాంటి మనిషిని కండ్లు చూపించుకోమన్నారు.

మరుసటి రోజు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన రంగురంగుల చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల మధ్య దాగిన అంకెలు చదవమన్నాడు. ఆమె తడుముకోకుండా చదివింది.

"దగ్గర చూపుకు కొంచెం అద్దాలు పెట్టుకోండమ్మా. రంగులు మాత్రం నాకంటే మీకే బాగా కనపడతాన్నాయి," అన్నాడు.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక ఆమెకు మనసు తేలికపడింది. వెంటనే ఇంకో అనుమానం పుట్టింది. కండ్లది తప్పు కాకపోతే, మరి దేనిది?

నేరుగా షోయబ్ యూనిట్‌కు నడిచింది. "షోయబూ, నేను పంపిన ఫైలు నీ పెద్ద తెరమీద ఒకసారి తియ్యి."

అతను తెరిచాడు. కొంగు తెరమీద భగ్గుమంది. అచ్చం వెనక్కొచ్చిన చీరలాగే.

మాబున్ని సంచిలోంచి తన పాత లాప్‌టాప్ తీసి పక్కన పెట్టి, అదే ఫైలు తెరిచింది. అందులో అది చక్కటి దానిమ్మ గింజ. ఒకే ఫైలు, రెండు తెరలు, రెండు ఎరుపులు.

"మొన్న ఇట్ల కనపడుతుంటే యాల చెప్పలేదు?"

"నువ్వు అదే రంగు కావాలనే వేసినావనుకుంటి అక్కా. నీకు నేను రంగులు చెప్పేదా?" అన్నాడు షోయబ్ తల గోక్కుంటూ. తర్వాత పాత లాప్‌టాప్ తెరను అటూ ఇటూ వంచి చూశాడు. "దీని తెర పేదది. ఎరుపును చప్పగా చూపిస్తాది. చప్పగా ఉందని నువ్వు ఇంకా ఇంకా ఎరుపు పోసినావు. అదంతా పోయి గుడ్డమీద పడింది."

కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలో కూడా అతనే చెప్పాడు. ఎస్ఆర్‌జీబీ అని ఒక లెక్క ఉంటుంది, ఉండాల్సిన రంగుల్లో తెర ఎన్నింటిని చూపగలదో చెప్పే లెక్క. అది నూటికి నూరు ఉండాలి. "శానా వాటికి అరవై చిల్లరే ఉంటాది. ఆ సంగతి పెట్టెమీద రాయరు. అడిగినా చెప్పరు."

ఇంత జరిగాక మాబున్నికి ఏడుపు రాలేదు. పట్టుదల వచ్చింది. ఆ ఎర్ర చీరల్ని రాజుపాలెం మహిళా సంఘం వాళ్లు ఊరేగింపుకు బాగుంటాయని తగ్గింపు ధరకు తీసుకున్నారు. ఒక్కటి మాత్రం ఆమె తన దగ్గరే ఉంచుకుంది. ఆ చీర, ఆ చీర ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ సంచిలో వేసుకుని లాప్‌టాప్ కొనడానికి బయలుదేరింది.

ప్రొద్దుటూరులో ఒక పెద్ద షాపు ఆయన ఆమెను చూస్తూనే, కీబోర్డు కింద ఏడు రంగుల లైట్లు వెలిగే నల్లటి లాప్‌టాప్ ముందుకు తోశాడు.

"గేమింగ్‌ది మేడమ్. నూట నలభై నాలుగు హెర్ట్జ్. బొమ్మ వెన్న మాదిరి కదుల్తాది."

"నా చీర కదలదప్పా. కదలకుండా ఉన్న రంగు సరిగ్గా కనపడాల. ఎస్ఆర్‌జీబీ ఎంత?"

"ఫుల్ హెచ్‌డీ మేడమ్."

"నేనడిగింది చుక్కలెన్నని కాదు, రంగులెన్నని."

ఆయనకు తెలియలేదు. పోనీ ఈ పెన్‌డ్రైవ్ పెట్టి చూపించమంటే, వైరస్ వస్తాది పెట్టనన్నాడు. చివరికి, "మీ ఆయన్ను ఒకసారి ఫోన్‌లో పిలవండి మేడమ్, ఆయనకు చెప్తా," అన్నాడు.

మాబున్ని ఫోన్ కలిపి ఆయన చేతికే ఇచ్చింది. షాపు ఆయన ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, ఆఫరు అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అల్లాబక్ష్ అంతా విని అన్నాడు: "నాకేం తెలుసప్పా? నేను బండి తోలేవాణ్ణి. ఆ యమ్మ ఏది కావాలంటే అది చూపియ్యి. లేకుంటే లేదని చెప్పు, ఇంకో షాపుకు పోతాది."

ఆమె ఇంకో షాపుకే పోయింది. అక్కడా అదే కథ. అప్పుడు షోయబ్ ఫోన్ చేసి, పులివెందులలో ఇంజనీరింగు పిల్లలు కొనే షాపు ఒకటి ఉందని, ఓనరు వినోద్ కుమార్ ఓపికగా చూపిస్తాడని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మాబున్ని పులివెందుల బస్సెక్కింది.

వినోద్ కుమార్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె చెప్పిందంతా విని, పెన్‌డ్రైవ్ తీసుకుని, కౌంటరు మీద అయిదు లాప్‌టాప్‌లు వరసగా పెట్టాడు. అన్నింట్లోనూ ఆ చీర ఫైలే తెరిచాడు.

"కంటికి హాయిగా ఉండాలని తెరను పసుపు చేసే సెట్టింగు ఉంటాది గదా, అది అన్నింట్లోనూ ఆపు సామీ. వెలుతురు కూడా అన్నింటికీ సమానంగా పెట్టు," అంది మాబున్ని.

అతను ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, అలాగే చేశాడు.

ఆమె సంచిలోంచి ఎర్ర చీర తీసి కొంగు పరిచింది. మొదటి తెర ముందు నిలబడింది. అందులో కొంగు ముచ్చటగా, దానిమ్మ గింజలా ఉంది.

"శానా బాగుంది గదక్కా!" అన్నాడు వినోద్ కుమార్.

"ఇది వద్దు."

రెండోదీ అంతే ముచ్చటగా చూపించింది. అదీ వద్దంది. మూడోది అన్నింటికంటే ఖరీదైనది. దాని నలుపు కాటుకలా ఉంది, రంగులు కండ్లలోకి దూకుతున్నాయి. చీరను తెరకు ఆనించి చూసింది. తెర ఎరుపు చీరను కూడా మించిపోయింది. "ఇది ఉన్నదానికంటే ఎక్కువ చెప్తాంది. పొగిడేవాళ్లతో పని జరగదు." నాలుగో దాన్ని కొద్దిగా వెనక్కి వంచగానే ఎరుపు కాస్తా ఇటుక రంగయింది. "దీని మాట నిలకడ లేదు."

అయిదోది బూడిదరంగు లాప్‌టాప్. లైట్లు లేవు, తళుకు లేదు. తెర కూడా అద్దంలా మెరవడం లేదు. ఎవరూ అడగరని వినోద్ కుమార్ దాన్ని చివర పెట్టాడు. మాబున్ని దాని ముందుకు వచ్చి ఆగిపోయింది.

కొంగు భగ్గుమంటోంది. తన తప్పు, తాను పోసిన ఎరుపంతా, దాచకుండా అక్కడుంది. చీరను తెర పక్కన పట్టుకుంది. కుడివైపు నుంచి చూసింది, ఎడమవైపు నుంచి చూసింది. లాప్‌టాప్‌ను వాకిలి దగ్గర వెలుతురులోకి తెమ్మని, చీరను పక్కన పట్టి అక్కడా చూసింది. గుడ్డ ఎట్లుందో తెర అట్లే ఉంది.

"ఇదే!" అంది గట్టిగా. షాపులో ఉన్న వాళ్లు తిరిగి చూశారు.

"అక్కా, దీంట్లో మీ డిజైను వికారంగా కనపడతాంది," అన్నాడు వినోద్ కుమార్ అయోమయంగా.

"వికారంగానే వేసింటి గదా! మిగతావన్నీ నన్ను మంచి చేసుకుంటాండాయి. ఇదొక్కటే నిజం చెప్తాంది."

అతను కంపెనీ వివరాలు వెతికి చూశాడు. ఎస్ఆర్‌జీబీ నూటికి నూరు. "నెలకు పది మందికి అమ్ముతా. తెరను ఇట్ల పరీక్ష పెట్టినోళ్లను ఇంతవరకు చూడలేదక్కా," అన్నాడు. తర్వాత కొంచెం మొహమాటపడుతూ, "ఆ ఫైలు నా దగ్గర ఉంచుకోవచ్చా? ఫొటోలు, డిజైన్ల పనోళ్లు వస్తే దీన్నే తెరిచి చూపిస్తా," అని అడిగాడు. మాబున్ని నవ్వి, ఉంచుకొమ్మంది.

మిగతా బేరం తొందరగా తెమిలింది. ఇంకాస్త పెద్ద ప్రాసెసరుది కూడా ఉందని అతను చెప్పబోతే ఆమె ఆపింది. "ఆరు గజాల చీర ఫైలు తెరిస్తే నా పాతది, నేను అన్నం తినొచ్చేదాకా తిరుగుతూనే ఉంటాది. దానికి ప్రాసెసరు కావాల్నా, ర్యామ్ కావాల్నా?"

"ర్యామే అక్కా. దీంట్లో ఎనిమిది జీబీ ఉంది. ఇంకొకటి పెట్టేదానికి స్లాటు ఖాళీగా ఉంది."

"అయితే ఆ దుడ్లు ర్యామ్‌కు పెట్టు. నా ఎదురుగా బిగించు."

అతను స్క్రూలు విప్పి, అరచేతిలో పట్టే ఆ ఆకుపచ్చ పట్టీని కటుక్కుమని కూర్చోబెట్టాడు. పదహారు జీబీ అయింది. ఆరు గజాల ఫైలు తెరిస్తే రెప్ప వేసి తీసేలోగా తెరుచుకుంది. ఇన్నేళ్లూ తాను ఎంతసేపు ఊరికే కాచుకుని కూర్చుందో మాబున్నికి అప్పుడే తెలిసింది.

ఇంటికి రాగానే టీచరు ఇచ్చిన గుడ్డముక్కను కొత్త తెరకు ఆనించి కూర్చుంది. ఎరుపు తగ్గించింది, పిసరంత నీలం కలిపింది, మళ్లీ సగం తీసేసింది. ముక్కకూ తెరకూ మధ్య గీత చెరిగిపోయినప్పుడు చెయ్యి ఎత్తేసింది. షోయబ్ మీటరు గుడ్డమీద కొట్టి చూశాడు. వెంటనే చీర మిషన్ మీదికి ఎక్కించాడు.

గడువుకు రెండు రోజుల ముందే మాబున్ని జమ్మలమడుగులో ప్రసన్నకుమారి ఇంట్లో ఉంది. చీరను వాకిట్లో ఎండలో పరిచింది. కొంగు మీద ఆ గుడ్డముక్కను పెట్టింది.

ప్రసన్నకుమారి ఇంట్లోంచి వచ్చి వంగి చూసింది. కొంగంతా చేత్తో నిమిరింది. "బాగుంది గానీ, పీసు తెచ్చింటే పక్కన పెట్టి చూసేవాళ్లం గదా. మర్చిపోయినావా?"

"పీసు ఆడనే ఉంది మేడమ్. మీ చెయ్యి దాని మీదనే ఉంది."

టీచరు చెయ్యి తీసి, కళ్లద్దాలు సవరించుకుని, ఇంకా వంగింది. గుడ్డముక్క అంచు గోటికి తగిలాక గానీ దొరకలేదు. దాన్ని ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మాబున్ని రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్ను కండ్లు చూపించుకోమంటి. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. క్షమించు మాబున్నీ."

మాబున్ని నవ్వి తల ఊపింది. మిగతా ఇరవై మూడు చీరలూ ఇదే రంగులో వేయించి తెస్తానంది.

వార్షికోత్సవం రోజు ఆమెను రమ్మని ప్రసన్నకుమారి పట్టుబట్టింది. మాబున్ని కొత్త లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంది. పాట మొదలవుతూ ఇరవై నాలుగు మంది లేచి నిలబడ్డారు. పక్క కిటికీల్లోంచి ఎండ వాళ్ల మీద పడింది. మొదటి కొంగు నుంచి చివరి కొంగు దాకా ఒకే రంగు, ఎక్కడా వెలితి లేదు, ఎక్కడా అతి లేదు. పాట మాటలు ఆమె చెవికి ఎక్కలేదు. ఆ రంగునే చూస్తూ కూర్చుంది. గర్వంతో గుండె నిండిపోయి, నవ్వు ఆపుకోలేక ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరాధన అయ్యాక ప్రసన్నకుమారి ఆమెను ముందుకు పిలిచి పేరు చెప్పింది. చప్పట్లు మోగాయి. భోజనాల దగ్గర మైలవరం నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. మాకు నెమలి కంఠం రంగు కావాలని ఒకరు, కాదు పచ్చ మామిడి రంగని ఇంకొకరు. దువ్వూరు నుంచి వచ్చిన శ్యామలమ్మ అనే పెద్దావిడ, "ముందు ఆ యమ్మను తిననియ్యండే!" అని అందరినీ కసిరి, మళ్లీ తానే మెల్లగా, "నా మనవరాలి పెండ్లికి కూడా నువ్వే వెయ్యాల," అంది.

సాయంత్రం బస్టాండులో అల్లాబక్ష్ ఫోన్ చేశాడు. "ఎట్లయింది?"

"సోమవారం మైలవరం పోవాల. బుధవారం దువ్వూరు. మధ్యలో రాజుపాలెం వాళ్లు పిలుస్తాండారు," అంది మాబున్ని ఒక్క గుక్కలో.

అవతల నుంచి పెద్దగా నవ్వు వినిపించింది. "డ్రైవరు నేనా, నువ్వా?"

అంతలో ప్రొద్దుటూరు బస్సు మలుపు తిరిగింది. "ఉండు, సీటు పట్టుకోవాల," అని ఫోన్ చంకలో పెట్టుకుని, సంచీని గుండెకు అదుముకుని, మాబున్ని అందరికంటే ముందు పరిగెత్తింది.