జోగమ్మ ఇప్పసారా కుండ

నేను ఒక మట్టికుండను. గోదావరి ఒడ్డున కుమ్మరి సారె మీద పుట్టాను. సంతలో పూనెం జోగమ్మ నన్ను చంకనెత్తుకుని తన కోయగూడేనికి తెచ్చిన నాటి నుంచీ ఇప్పసారా కాచడమే నా బతుకు.

ఎండాకాలం మొదట్లో రాలిన ఇప్పపూలను జోగమ్మ ఏరి ఎండబెట్టేది. నానబెట్టి, పులిసాక నాలో పోసి పొయ్యి మీదికి ఎక్కించేది. నా మెడకు బిగించిన వెదురు గొట్టంలోంచి సారా బొట్లు బొట్లుగా దిగేది. వాసనను బట్టే ఆమె మంట తగ్గించేది. మొదట తేనె తీపి, వెనక సన్నని పొగ, చివర నాలుక మీద తడిమట్టి. ఆ మట్టి రుచి నాదేనని నాకు గర్వం. తాగినవాళ్లు మాత్రం నన్ను వదిలేసి పక్కవాణ్ణి కౌగిలించుకునేవారు!

ఒక ఏడు జోగమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. పోతూ పోతూ అది ఆమె వాసన పట్టే శక్తిని పట్టుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. పండుగనాడు దేవర ముందు పోసే తొలి సారా జోగమ్మ ఇంటిదే. ఆ గౌరవం పోతుందని భయం. ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుంది. నా అడుగున పూలు మాడుతున్నాయి. నోరుంటే అరిచేదాన్ని. ఆమె ఇంకో కట్టె ఎగదోసింది.

పండుగలో పూజారి సోమయ్య దేవరకు పోసి, తానొక గుక్క తాగి ఆగిపోయాడు.

"ఏందే జోగమ్మా, మాడు కొడతాంది?"

జోగమ్మ ఆకుదొప్ప అందుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. దొప్ప కింద పెట్టి ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి కోడలు చిన్నక్కతో అంది: "నాకేం వాసన తెలుస్తలేదే. ఈ కుండ పగలగొట్టెయ్."

చిన్నక్క నన్ను ఎత్తుకుని వాగుకు పోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె ఇసుకతో నా మాడంతా తోమి వెనక్కి తెచ్చింది.

"మంట నువ్వు చూడత్తా. వాసన నేను చెప్త."

మళ్లీ పొయ్యి వెలిగింది. చిన్నక్క గొట్టం దగ్గర ముక్కు పెట్టింది.

"ఎట్లుందే?"

"పచ్చిగడ్డి లెక్క."

"ఉండనీ."

కాసేపటికి చిన్నక్క ఎగిరినంత పనిచేసింది. "తేనెపట్టు పిండినట్టుందత్తా!"

"కట్టె లాగు!"

ఆ సారా తాగి సోమయ్య దొప్ప మళ్లీ చాపాడు.

అలా ఎన్నో ఏళ్లు ఆ ఇద్దరూ ఒక్క మనిషిలా సారా కాచారు. చివరికి నా అడుగు పగిలింది. ఇప్పుడు పెరట్లో ఉన్నాను, నాలో కోడి పొదుగుతోంది. సాయంత్రాలు ముసలి జోగమ్మ నా పక్కనే కూర్చుంటుంది. చిన్నక్క తన మనవణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో వేస్తుంది. జోగమ్మ పసివాడి తలకు ముక్కు ఆనించి అడుగుతుంది.

"ఎట్లుందే వీని వాసన?"

చిన్నక్క వంగి, నిదానంగా పీలుస్తుంది.

"పాల వాసనత్తా. కొంచెం ఎండ గూడ ఉంది."