జబ్బుకి ముందు ఆయన చేసిన పనులు

ఆయన చొక్కాకి ఏడు బొత్తాలు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక రోజూ ఆ ఏడూ నేనే పెడుతున్నాను. పైనుంచి మూడోదాని దగ్గర, "మెల్లగా! గొంతు నొక్కేస్తావా ఏంటి?" అంటారు. గొంతు మొదటి బొత్తం దగ్గరే అయిపోయింది. నాలుగోది పెడతాను.

మా వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో ఇదివరకు డాక్టరూ నర్సూ మాత్రమే ఉండేవారు. ఈమధ్య వాళ్లకి తోడుగా ఆక్యుపేషనల్ థెరపిస్టు అమ్మాయిని కూడా వేశారు. మనిషి తన రోజువారీ పనులు మళ్లీ తనే చేసుకునేలా చెయ్యడం ఆమె ఉద్యోగం. డాక్టరుగారు ఆమెను మా ఇంటికి పంపారు.

"జబ్బుకి ముందు ఇంట్లో ఏమేం చేసేవారండీ? వాటినే సాధన చేయిద్దాం" అంది కాగితం తీసి.

పరాయి ఆడపిల్ల ముందు మా ఆయన ఎప్పుడూ ఆదర్శ పురుషుడే. "సగం పని నాదేనమ్మా. కూరలు తరగడం, గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం... ఈవిడకి పనేముంటుంది, పాపం!"

ముప్పై ఏళ్లుగా "రోజంతా ఇంట్లో ఏం వెలగబెడతావు?" అంటున్న నోరు. నా భుజం పట్టేసి చెయ్యి లేవని రోజున, "ఎడం చేత్తో వడ్డించు" అన్న నోరు. ఇప్పుడు కాదంటే ఇంకో ముప్పై ఏళ్లు ఆయన కుడిచెయ్యి నేనే.

"బాత్రూం కడగడం మర్చిపోయారండీ. అదైతే నన్ను ముట్టుకోనిచ్చేవారే కాదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది. లావు పిడి ఉన్న కత్తి తెచ్చింది. తడిగుడ్డ పిండితే వేళ్లకి బలమంది.

"మగాడిచేత గిన్నెలు తోమిస్తావుటే?" అత్తయ్య గదిలోంచి కేక.

"నేనెవర్ని అత్తయ్యా? వైద్యం. మందు మానేస్తే ఎలా?"

"అబద్ధమని చెప్పెయ్యవే" అన్నారాయన, సింకు మీదికి వంగి, గొంతు తగ్గించి.

"మీరే చెప్పండి."

ఆయన మళ్లీ గిన్నె అందుకున్నారు. పరువు చెయ్యంత సులువుగా పడిపోదు.

పదివారాల్లో చెయ్యి నిజంగానే తిరిగొచ్చింది. నాకూ సంతోషమే, రాక్షసిని కాను. "అన్నీ చేసేస్తున్నారు. ఫైలు మూసేద్దామా ఆంటీ? మీ సంతకం కావాలి" అందా అమ్మాయి. ఆయన తనే, ఆ కుడిచేత్తోనే, పెన్ను తెచ్చి నా చేతికిచ్చారు.

పెన్ను టేబులు మీద పెట్టాను.

"మొహమాటపడి ఆరోజు చెప్పలేదమ్మా. రెండు పూటలా వంట కూడా ఆయనే చేసేవారు."

ఆ అమ్మాయి కొత్త కాగితం తీసింది.